డెలోరెస్‌కు తెలియనిది

రోండా ఆస్ట్‌బీకి ఊహ తెలిసినప్పటి నుంచీ శీతాకాలమంటే ఫోను మోతే. వాళ్ళమ్మకు సరస్సు ఒడ్డున ఎరల కొట్టు ఉండేది. తొట్టిలో మిలమిలలాడే చిట్టిచేపలు, డబ్బాల్లో పురుగులు, కాఫీ మరకల బల్ల, గోడకు ఒక ఫోను. సరస్సు గడ్డకట్టడం మొదలైందంటే ఆ ఫోనుకు తెరిపి ఉండేది కాదు. ఊళ్ళో మగవాళ్ళందరూ అడిగేది ఒకటే మాట.

"మంచు ఎంతుంది, డెలోరెస్?"

తల్లి చెప్పేది. తూర్పు అఖాతంలో ఇంత, సరస్సు సన్నబడే ఇరుకు దగ్గర ఇంత, రెల్లు వైపు పోవద్దు. చెప్పి ఊరుకునేది కాదు. మోకాలి నొప్పి తగ్గిందా అనేది, కోడలికి నెలలు నిండాయా అనేది, ఉన్ని మేజోళ్ళు రెండు జతలు వేసుకోమనేది. గొంతులో ఆవిరి పట్టిన పాలగిన్నె వెచ్చదనం ఉండేది. "అడిగినవాణ్ణి ఉత్త చెవితో పంపకూడదే" అనేది కూతురితో.

నార్వాల్డ్ ఊళ్ళో ఎవరి పద్ధతైనా అంతే. ఉత్తర మినెసోటాలో అంత చలిలో, అంత దూరదూరంగా ఉన్న ఇళ్ళలో, మనిషి ముఖాన లేదు అనే మాట అనడం తలుపు తీసి చలిగాలిని లోపలికి వదలడం లాంటిది. కాఫీ వద్దని రెండుసార్లు అని మూడోసారి పుచ్చుకుంటారు. పళ్ళెంలో ఆఖరి ముక్కను సగానికి కోసి, ఆ సగాన్ని మళ్ళీ సగానికి కోసి వదిలేస్తారు. వెళ్ళొస్తానని లేచిన అతిథి గుమ్మం దగ్గర ఒకసారి, మెట్ల దగ్గర ఒకసారి, కారు తలుపు పట్టుకుని ఇంకోసారి కబుర్లు చెప్పుకుని గానీ కదలడు.

తల్లి పోయాక కొట్టు మూతపడింది. ఫోన్లు మాత్రం ఆగలేదు. అవి దారి వెతుక్కుంటూ పట్టణ కార్యాలయానికి వచ్చాయి. రోండా అక్కడ గుమస్తా. నీటి పన్ను కాగితాలు పక్కకు నెట్టి ఆమె జవాబు చెప్పేది. ఎవరో ఒకరు పొద్దున బరమాతో రంధ్రం తొలిచి చూసి ఉంటారు, వాళ్ళను అడిగి చెప్పేది. అయినా ఫోను పెట్టేశాక ఆమె మనసు కుదుటపడేది కాదు. అమ్మ స్వయంగా చూసి చెప్పేది. తను విన్నది చెబుతోంది.

కొన్నేళ్ళకు పట్టణం వెబ్‌సైటులో చాట్‌బాట్ ఒకటి పెట్టారు, చెత్తబండి ఏ రోజు వస్తుంది, కుక్కకు లైసెన్సు ఎలా తీసుకోవాలి లాంటివి చెప్పడానికి. మేయరు డ్వైట్ కంగాస్ దాని బాధ్యత రోండాకు అప్పగించాడు. ఆ ఊళ్ళో స్వచ్ఛంద అగ్నిమాపక దళానికీ అతనే పెద్ద.

"నువ్వే చూసుకో రోండా, నీకు ఓపికెక్కువ."

"నాకు కంప్యూటర్లు రావు డ్వైట్."

"నాకు మనుషులే సరిగ్గా రారు. మేయరుగిరీ చెయ్యట్లేదూ?"

రోండా నేర్చుకుంది. సాయంత్రాలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, యాభై ఏడేళ్ళ వయసులో, కొత్త అల్లిక నేర్చుకున్నట్టు ముడి తర్వాత ముడిగా నేర్చుకుంది. ఆ యంత్రానికి ఏం చెయ్యాలో మామూలు మాటల్లోనే రాసి చెప్పవచ్చని తెలిసి ఆశ్చర్యపోయింది. పనిలో కొత్తగా చేరిన పిల్లకు చెప్పినట్టు చెబితే చాలు, వింటుంది.

అదే ఏడు టెస్ మహోనీ వచ్చింది. దిగువన ఉన్న కాలేజీలో పరిశోధకురాలు. సరస్సులో అక్కడక్కడా కొలత స్తంభాలు దించి, గాలినీ వేడినీ ఉపగ్రహ చిత్రాలనూ కలిపి మంచు మందాన్ని అంచనా కట్టే మోడల్ ఒకటి తయారుచేసింది. రోండా ఆమెను కాఫీకి కూర్చోబెట్టి, తన ఆలోచన బిడియపడుతూ చెప్పింది. చాట్‌బాట్‌కు మాటలొచ్చు, మంచు తెలియదు. మోడల్‌కు మంచు తెలుసు, మాటలు రావు. ఈ రెండింటికీ వియ్యం కుదిర్చితే?

టెస్ నవ్వింది. "కుదర్చొచ్చు. కాకపోతే మోడల్ మీ ఊళ్ళో ఉండదు, ఎక్కడో అద్దె సర్వర్ల మీద ఉంటుంది. దాని చిరునామా, తాళంచెవి లాంటి అక్షరాల వరస మీకు పంపుతాను. ఎవరైనా మంచు గురించి అడిగితే మీ చాట్‌బాట్ ఆ చిరునామాకు కబురు పెట్టాలి, వచ్చిన అంకెను మాటల్లో చెప్పాలి. ఒక్కటి గుర్తుంచుకోండి. వాడుకున్నంతకే అద్దె. అందుకని కాసేపు ఎవరూ పలకరించకపోతే మోడల్ నిద్రపోతుంది. మళ్ళీ కబురొస్తే లేస్తుంది కానీ, లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా దోషం సంఖ్య పంపుతుంది, ఇంకా లేవలేదని."

"పసిబిడ్డలాగా."

"పసిబిడ్డ ఏడుస్తుంది, నయం. ఇది మూడంకెల సంఖ్య పంపి ఊరుకుంటుంది."

సరస్సు మీద మొదటి పొర తేలిన వారం రెండూ కలిశాయి. రోండా ప్రశ్న టైపు చేసింది. ఆ ప్రశ్న ఆమె వంటింట్లోంచి బయల్దేరి, మైదానాలు దాటి, ఏ ఊరి చివరో పేరు తెలియని గదిలో హోరుమంటున్న యంత్రాన్ని తట్టి, తన గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఉన్న సరస్సు కబురు మోసుకొచ్చింది. తన ఇంటి నీళ్ళ గురించి తెలుసుకోవడానికి ఇంత దూరం పోయి రావాలా అని నవ్వొచ్చింది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

దానికి డెలోరెస్ అని పేరు పెట్టింది ఆర్విడ్ టాలెఫ్‌సన్.

ఆర్విడ్‌కు ఎనభై దగ్గర పడుతోంది. పెళ్ళి చేసుకోలేదు. కొట్టు ఉన్న రోజుల్లో ప్రతి ఉదయం బరువైన బరమా మోసుకుని డెలోరెస్ వెంట సరస్సు మీదికి వెళ్ళేవాడు. ఆమె కొలిచేది, ఇతను తొలిచేవాడు. ఆమెకు భర్త పోయి చాలాకాలమైంది, ఇతను అడిగి ఉంటే ఒప్పుకునేదని ఊళ్ళో అనుకునేవాళ్ళు. అతను అడగలేదు. ఆమె చెప్పలేదు. కాఫీ మాత్రం ఎన్ని వేల కప్పులు తాగారో. రోండాకు సైకిలు నేర్పింది, మొదటి వాలై చేపను కొక్కెం నుంచి విడిపించడం నేర్పింది అతనే.

డెలోరెస్‌తో పొద్దున్నే మొదట మాట్లాడేదీ అతనే. ఇంకా చీకటి వీడకముందే ట్రక్కులో కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఒక్క వేలితో అడిగేవాడు.

మంచు గట్టిపడ్డ మొదటి వారంలోనే కార్యాలయానికి వచ్చి అందరూ వినేలా అన్నాడు. "ఏమే పిల్లా, నీ డెలోరెస్ ఇవాళ నన్ను ఐదువందల మూడు అని తిట్టింది."

"అది తిట్టు కాదు ఆర్విడ్, దోషం సంఖ్య."

"మీ అమ్మ నన్ను చాలా మాటలంది. కానీ ఏ రోజూ అంకెలతో తిట్టలేదు."

పన్ను కట్టడానికి వచ్చినవాళ్ళు ఘొల్లున నవ్వారు. రోండా కూడా నవ్వింది గానీ చెవులు వేడెక్కాయి. ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి పంపినట్టనిపించింది. ఆ సాయంత్రమే చాట్‌బాట్‌కు ఇంకొన్ని మాటలు రాసింది. మోడల్ నుంచి జవాబు రాకపోతే ఆ గొడవ అడిగినవాళ్ళకు చెప్పవద్దు. దోషం సంఖ్యలు చూపవద్దు. ఎవరినీ ఉత్త చేతులతో పంపవద్దు. ఆప్యాయంగా, పనికొచ్చేలా మాట్లాడు.

ఆప్యాయత అంటే దానికెలా తెలుస్తుందని ఒక నమూనా కూడా రాసింది. "శుభోదయం! తూర్పు అఖాతంలో పదకొండు అంగుళాలుంది, నడవడానికి ఢోకా లేదు. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు వేసుకోండి."

పదకొండు అన్నది ఆ క్షణాన ఆమెకు తోచిన అంకె.

ఆ శీతాకాలం ఊరు డెలోరెస్‌ను ప్రేమించింది. పక్క పట్టణాల వాళ్ళు కూడా అడిగేవాళ్ళు. ఇన్ని మేజోళ్ళు ఎక్కడ కొనాలే తల్లీ అని కొందరు దానితోనే పరాచికాలాడేవాళ్ళు. సరస్సు మీద చేపల వేటకు వేసే చెక్కగదులు చిన్న ఊరులాగా వెలిశాయి. పొగగొట్టాల్లోంచి పొగ నిటారుగా లేచేది. పొద్దెక్కాక ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వచ్చేవి, మోడల్‌కు కునుకు తీసే తీరిక ఉండేది కాదు.

"ఒక చిత్రం చూశావా," అన్నాడు ఆర్విడ్ ఫిబ్రవరిలో ఒకరోజు, కాఫీ ఊదుకుంటూ. "పొద్దున్నే అడిగితే ఎప్పుడూ పదకొండే అంటుంది. అదే మధ్యాహ్నం అడిగితే ఇరవై దాటించి చెబుతుంది. అచ్చం మీ అమ్మే. పొద్దున పూట పిసినారి."

రోండా నవ్వి, అతని కప్పు మళ్ళీ నింపింది.

ఆర్విడ్ దగ్గర ఒక ఇనుప గునపం ఉండేది. మంచు మీద అడుగు వేసే ముందు దానితో పొడిచి చూసేవాడు. ఆ చప్పుడు వింటే అడుగున ఏముందో తెలుస్తుందనేవాడు. ఆ శీతాకాలం గునపం ట్రక్కు వెనకే పడి ఉంది. బరువు మోయడం దేనికి, డెలోరెస్ చెబుతోందిగా అన్నాడు. ఆ మాట విన్నప్పుడు రోండాకు గర్వంగా అనిపించింది.

మార్చి నెలాఖరుకు దక్షిణపు గాలి మళ్ళింది. రెండుసార్లు వాన పడింది. చెక్కగదులను ఒడ్డుకు లాగేశారు. సరస్సు తెలుపు పోయి, నానిన కాగితంలా బూడిదరంగుకు తిరిగింది. అయినా ఏటా ఆ రోజుల్లో కొందరు ముసలివాళ్ళు బకెట్టు బోర్లించుకుని ఇంకా అక్కడ కూర్చుంటారు. ఆఖరి చేప తియ్యగా ఉంటుందని వాళ్ళ నమ్మకం.

ఆ ఉదయం రోండా కాఫీ పెట్టుకుని ఫోను చేతిలోకి తీసుకుంది. ఇక మంచు మీదికి వెళ్ళవద్దని పట్టణం తరఫున ప్రకటన రాయాలి, దానికి అంకె కావాలి. తూర్పు అఖాతంలో మంచు ఎలా ఉంది అని అడిగింది.

చెంచా కప్పులో తిరుగుతూ ఉండగానే జవాబు వచ్చేసింది.

"శుభోదయం! తూర్పు అఖాతంలో పదకొండు అంగుళాలుంది, నడవడానికి ఢోకా లేదు. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు వేసుకోండి."

మొదట అది అమ్మ మాటలా వినిపించింది. మరుక్షణం తన మాటలా వినిపించింది. అక్షరం తేడా లేకుండా తను రాసిన వాక్యం. కిటికీ బయట చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే వాక్యం. కాసేపు ఆగి ఇంకోసారి అడిగింది. ఈసారి జవాబు నెమ్మదిగా వచ్చింది. తూర్పు అఖాతంలో నాలుగు అంగుళాలు. లోపల నీరు పట్టి గుల్లబారింది. ఇరుకు దగ్గర అంతకంటే పలుచన. ఎవరూ అడుగు పెట్టవద్దు.

మోడల్ ఇప్పుడు లేచింది. అంతకుముందు మాట్లాడింది మోడల్ కాదు. అవతల ఎవరూ లేరని చాట్‌బాట్‌కు తెలుసు. అయినా వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపవద్దని తను చెప్పింది కాబట్టి, తను ఇచ్చిన ముక్కనే తీసి వాళ్ళ చేతిలో పెట్టింది. ఈ ఒక్కరోజే కాదు. మోడల్ నిద్రలో ఉండగా ఎవరు ముందు అడిగితే వాళ్ళకల్లా, శీతాకాలం పొడుగునా. ఆ ఇరవై అంగుళాల రోజుల్లో పదకొండంటే ఎవరికీ ఏమీ కాలేదు.

అందరికంటే ముందు అడిగేది ఎవరో ఆమెకు తెలుసు.

ఆర్విడ్‌కు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. చేపలు చెవులు రిక్కిస్తాయని ఫోను ట్రక్కులోనే వదిలి వెళ్ళడం అతని అలవాటు. డ్వైట్‌కు చేసింది.

"డ్వైట్, ఆర్విడ్ మంచు మీదున్నాడు."

"ఏ రోజు లేడులే," అన్నాడు డ్వైట్, నోట్లో ఏదో నములుతూ.

"మంచు లేదు డ్వైట్."

అవతల నమలడం ఆగింది. "నువ్వు మాత్రం ఒడ్డు దాటకు. వింటున్నావా? మా వాళ్ళను తీసుకొస్తున్నా."

కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా ఆమె కారులో రేవుకు వెళ్ళింది. ఆర్విడ్ ట్రక్కు అక్కడే ఉంది. గునపం వెనక తడిసి పడి ఉంది. సరస్సు మీద పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, నీళ్ళెక్కడ మొదలవుతాయో తెలియడం లేదు. అతని అడుగుజాడలు మెత్తటి బూడిదరంగులోకి వెళ్ళి మాయమయ్యాయి. రోండా కారు హారను మీద చెయ్యి వేసి తియ్యలేదు.

చాలాసేపటికి పొగమంచులోంచి గొంతు వచ్చింది. "ఎవరు చచ్చారని ఆ గోల?"

"ఆర్విడ్! వచ్చెయ్! పడమటి వైపు నుంచి మెల్లగా రా!"

"కాఫీ తెచ్చావా?"

"మంచు కుళ్ళిపోయింది! నాలుగే ఉంది!"

"పదకొండుందట! డెలోరెస్ చెప్పిందిగా!"

"అబద్ధం చెప్పింది!"

తర్వాత, బకెట్టు ఎత్తిన చప్పుడు, తడి మంచు మీద బూట్ల చప్పుడు. గొణుగుడు కూడా. దగ్గరవుతున్నట్టే ఉంది. పొగమంచులో నల్లటి మరక ఒకటి మనిషి రూపం కట్టుకుంటోంది. రోండా ఊపిరి బిగపట్టి చూస్తోంది. పెళపెళమనే శబ్దమేదీ రాలేదు. అలసిన మనిషి కుర్చీలో కూలబడితే వచ్చే నిట్టూర్పు లాంటిది వచ్చింది. ఆ రూపం సగమై, తర్వాత లేదు.

ఆమె గునపం పట్టుకుని రెండడుగులు వేసింది. గునపం మొదటి పోటుకే దిగబడింది. నీళ్ళు చీలమండ దాకా వచ్చాయి. అక్కడే ఆగిపోయింది. ఆ ఆగడం ఎప్పటికీ ఆమె కాళ్ళలో ఉండిపోతుంది.

"మేకులు! ఆర్విడ్, మెడలో మేకులు!"

మంచు మీదికి వెళ్ళేవాళ్ళు మెడలో తాడుకు రెండు మేకుల పిడులు వేసుకుంటారు. మునిగితే అంచుకు గుచ్చి పైకి పాకడానికి. ఎక్కడో నీళ్ళ చప్పుడు, మేకు గుచ్చిన చప్పుడు, అంచు విరిగిన చప్పుడు. మళ్ళీ గుచ్చిన చప్పుడు. ఆమె అతని పేరు పిలుస్తూనే ఉంది. మొదట్లో అతను బూతులతో జవాబిచ్చాడు. ఆ బూతులు ఎంత తియ్యగా ఉన్నాయో. తర్వాత అవి పలుచబడ్డాయి.

డ్వైట్ మనుషులు నీళ్ళ మీద తేలే దుస్తులు తొడుక్కుని, తాడు కట్టిన తెప్పతో పొట్టల మీద పాకుతూ వెళ్ళారు. తెచ్చినప్పుడు ఆర్విడ్ ముఖం సరస్సు రంగులో ఉంది. ఎడమచేతి వేళ్ళు ఇంకా మేకు పిడిని బిగించి పట్టుకునే ఉన్నాయి, విప్పబోతే విచ్చుకోలేదు.

ఆ వేళ్ళలో రెండింటిని తీసేశారు.

ఆసుపత్రి వరండాలోకి ఊరంతా వచ్చింది. ఇళ్ళలో వండి తెచ్చిన హాట్‌డిష్ గిన్నెలు, నిమ్మకాయ బిళ్ళల పళ్ళాలు కిటికీ గట్టు మీద వరసగా చేరాయి. రోండా ఒక్కొక్కరికీ చెప్పింది, తను ఏం రాసిందో, దానివల్ల ఏం జరిగిందో. ఎవరూ చివరిదాకా చెప్పనివ్వలేదు.

"ఊరుకో రోండా. ఇంకా ఘోరం జరగాల్సింది, తప్పిపోయింది."

"మార్చిలో మంచును నమ్మమని ఎవరు చెప్పారు ఆయనకు?" అన్నాడు డ్వైట్.

"నేను."

"నువ్వెందుకవుతావు? యంత్రం కదా. యంత్రాలన్నాక తప్పులు చేస్తాయి. ఇదిగో, ఈ ముక్క తిను."

అందరూ మంచివాళ్ళే. ఆ మంచితనం ఆమెకు ముఖం మీద అదిమిన దిండులా ఉంది. ఒక్కరైనా అరిస్తే ఊపిరి తీసుకోవచ్చు. పైగా ఇంకొక మాట ఎవరితోనూ అనలేక లోపలే ఉంచుకుంది. తను హారను కొట్టకపోతే అతను బకెట్టు మీద కదలకుండా కూర్చుని ఉండేవాడేమో. డ్వైట్ వాళ్ళు వెళ్ళి పొడిగానే తీసుకొచ్చేవాళ్ళేమో.

మూడోనాడు ఆర్విడ్ మాట్లాడగలిగాడు. రోండా మంచం పక్కన కుర్చీలో కూర్చుని మొదటి నుంచీ చెప్పింది. అతను పైకప్పు వైపు చూస్తూ విన్నాడు.

"అంటే ఆ పొద్దున నాతో మాట్లాడింది ఎవరు?"

"ఎవరూ కాదు ఆర్విడ్. శీతాకాలం మొదట్లో నేను రాసిపెట్టిన వాక్యం."

"ఆ పదకొండు ఎక్కడిది?"

"నాకప్పుడు తోచింది."

"ఆ ఒక్కరోజేనా?"

"కాదు. నువ్వు ముందు అడిగిన ప్రతి పొద్దునా."

అతను కట్టు కట్టిన చేతిని దుప్పటి మీద పెట్టి చూసుకున్నాడు.

"నీకు నోట్లో మాట కాదు, బెల్లం ముక్క ఉంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే. మీ అమ్మ అలా కాదు. మేమింకా మంచు మీదికి పోకముందే ఫోను మోగేది. ఎత్తి ఏమనేదో తెలుసా? 'ఇంకా చూళ్ళేదు. పెట్టెయ్.' అంతే. ఠపీమని పెట్టేసేది. మోకాళ్ళూ లేవు, మేజోళ్ళూ లేవు. చూసొచ్చాకే ఆ ముచ్చట్లన్నీ. నువ్వప్పటికి లేచేదానివి కాదు, నీకేం తెలుసు?"

"నాకెవరూ చెప్పలేదు."

"నువ్వెవర్నీ అడగలేదు. పొద్దున పదకొండు, మధ్యాహ్నం ఇరవై అని నీ ముందే చెప్పాను కదే. నవ్వావు. కాఫీ పోశావు."

"అవును."

"వేళ్ళు పోతే పోనీ. ఎనభై ఏళ్ళు వాడుకున్నా. రోజూ పొద్దున్నే ట్రక్కులో కూర్చుని..." దగ్గి సర్దుకున్నాడు. "ముసలాణ్ణి వెధవని చేశావే. ఆ పేరు పెట్టినందుకు నన్ను నేను తన్నుకోవాలి. వెళ్ళిక."

రోండా లేచింది. తలుపు దగ్గర ఆగింది. ఆ ఊళ్ళో వీడ్కోలు ఒక్క మాటతో అయిపోదు. ఇంకో మాట వస్తుంది, దాని వెనక ఇంకొకటి. రోడ్డు జాగ్రత్త అంటారు, జింకలున్నాయి అంటారు. ఆమె ఎదురుచూసింది. ఆర్విడ్ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

కారు దాకా ఒంటరిగా నడిచింది. కానీ మూడు రోజుల తర్వాత ఊపిరి గుండెల నిండా వెళ్ళింది.

టెస్ ఫోను చేసింది. మోడల్ అసలు నిద్రపోకుండా ఉంచే మార్గముందని, కాలేజీని అడిగి చూస్తానని అంది.

"ఉంచండి. కానీ ఏదో ఒకరోజు తీగ తెగుతుంది, తుఫాను వస్తుంది. అప్పుడూ అవతల ఎవరూ ఉండరు. ఆ రోజు అది ఏమంటుందన్నదే నా బాధ," అంది రోండా.

మర్నాడు కార్యాలయంలో డ్వైట్ ఆమె కుర్చీ వెనక నిలబడి, టోపీ చేతుల్లో తిప్పుతూ అన్నాడు. "పేజీ అడుగున ఒక వాక్యం పెడితే సరిపోదూ? చిన్న అక్షరాల్లో. సమాచారంలో పొరపాట్లు ఉండవచ్చు అని."

"పెద్ద అక్షరాల్లో అబద్ధం చెప్పి, చిన్న అక్షరాల్లో నిజం చెబుదామా?"

అతను టోపీ తిప్పడం ఆపాడు. రోండా నుంచి అలాంటి మాట ఎప్పుడూ విని ఎరగడు.

ఆమె ముందుగా పేజీ మీద నుంచి తల్లి పేరు తీసేసింది. నమూనా వాక్యం మొత్తం చెరిపేసింది. తర్వాత కొత్తగా రాసింది. మోడల్ జవాబివ్వకపోతే అంకె చెప్పకూడదు, ఏ అంకే చెప్పకూడదు. తెలియదని మొదటి మాటగా చెప్పాలి. ఆ మాటను మెత్తబరచకూడదు.

మోడల్ నిద్రపోయేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కిటికీలోంచి చూస్తే సరస్సు మధ్యలో నల్లటి నీళ్ళు తెరుచుకుంటున్నాయి, గాలికి అంచులు కదులుతున్నాయి. నిద్రపోయిందని టెస్ ఫోనులో చెప్పాక ప్రశ్న అడిగింది.

"తెలియదు. మంచును అంచనా కట్టే మోడల్ ఇంకా జవాబివ్వలేదు. జవాబు వచ్చేదాకా ఒడ్డు దాటవద్దు."

డ్వైట్ ఆమె భుజం మీదుగా చదివాడు. "కాస్త కరుగ్గా లేదూ? క్షమించండి అనో, దయచేసి అనో..."

ఆమె వేళ్ళు ఆ మాట కోసం అప్పటికే కదిలాయి. ఒక్క తీపి మాట, ఒక్క వెచ్చటి ముక్క. పుట్టినప్పటి నుంచీ నేర్చుకున్నదంతా ఆ వేళ్ళ చివర్లలో గుమిగూడి నెడుతోంది. చేతులు వెనక్కి తీసుకుంది.

"కరుగ్గానే ఉంది," అని భద్రపరిచే మీట నొక్కింది.

పని ముగిశాక ఆసుపత్రి ముందు కారు ఆపి, చాలాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చుంది. రెండో అంతస్తులో ఆర్విడ్ గది దీపం వెలుగుతోంది. రానిస్తాడో, మళ్ళీ గోడ వైపు తిరుగుతాడో. కారు దిగి, మెట్లెక్కడం మొదలుపెట్టింది.